కూతకెళ్ళి తిరిగొచ్చేవాడు

కబడ్డీ కుర్రాళ్ళని ఎంపిక చేసే పనిలోకి ఈ మధ్య చదువుకున్న పిల్లలు చాలామంది వస్తున్నారు. సంతోషం. అందులో ఒకరిద్దరు మా ఇంటికి కూడా వచ్చి, "మాస్టారూ, మీ రోజుల్లో ఎలా చూసేవారు?" అని అడుగుతుంటారు. నేను మాస్టార్ని కాదు, ఎవరికీ పాఠం చెప్పినవాణ్ణీ కాదు. గవర్నమెంటు జీతం తీసుకుంటూ ఊళ్ళ వెంట తిరిగి ఆటలు చూసినవాణ్ణి. అయినా అడిగారు కాబట్టి చెబుతాను. ఓపికుంటే చదవండి, లేకపోతే మీ కంప్యూటర్లు మీకున్నాయి.

అసలు పని

మాది కొత్తపేట దగ్గర పల్లెటూరు. డెబ్బైల మొదట్లో విశాఖపట్నంలో ఒక పెద్ద ప్రభుత్వ సంస్థలో, ఆటగాళ్ళ కోటాలో గుమాస్తాగా చేరాను. కొన్నేళ్ళు ఆడేసరికి కుడి భుజం జారింది. కట్టు కట్టించుకుని మళ్ళీ దిగాను, మళ్ళీ జారింది. ఇక నువ్వు ఆడింది చాలు, ఆడేవాళ్ళని వెతికి తీసుకురా అన్నారు పైవాళ్ళు. అలా మొదలైంది. కోనసీమ మావాడిదే కదా అని ఆ వైపంతా నాకు అప్పజెప్పారు. వరి కోతలయ్యాక, కోసిన చేలల్లో ఇసక పోసి పోటీలు పెట్టేవారు. అమలాపురం, రాజోలు, అంతర్వేది, ఎక్కడ మైకు మోగితే అక్కడ నేనుండేవాణ్ణి.

అప్పట్లో కబడ్డీకి లీగుల్లేవు, ఆటగాళ్ళ వేలంపాటల్లేవు. కాలేజీలో బాగా ఆడిన కుర్రాడికి దక్కేది ఏమైనా ఉంటే అది ఉద్యోగమే. అలాంటి జట్లు నాలుగైదు చోట్ల ఉండేవి. మాకు ఏడాదికి ఒక్క పోస్టు వస్తే గొప్ప. ఆ ఒక్కదాంట్లో తప్పుడు కుర్రాణ్ణి కూర్చోబెడితే జట్టు ఏళ్ళ తరబడి ఏడుస్తుంది, వాడేమో రిటైరయ్యేదాకా కుర్చీలో ఉంటాడు. సరైన కుర్రాణ్ణి వదిలేస్తే వాడు ఏ బొంబాయో దోహాయో వెళ్ళి ఇటుకలు మోస్తాడు, ఆట అక్కడితో సరి. మనం చెప్పే ఒక్క మాటకి ఒక ఇల్లు లేస్తుంది, ఇంకో ఇల్లు ఉన్నచోటే ఉండిపోతుంది. ఈ సంగతి తలుచుకుని ఒక్కసారైనా భయపడనివాడు ఈ పనికి రావద్దని నా సలహా.

చప్పట్లు

ఆట తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. కూత అంటే, ఒక్కడే అవతలి సగంలోకి వెళ్ళి, ఊపిరి తెగకుండా కబడ్డీ కబడ్డీ అంటూ, ఎవరినో ఒకరిని తాకి, వాళ్ళు పట్టుకునేలోపు మధ్య గీత దాటి తిరిగి రావడం. ఊపిరి తెగినా అవుటే, దొరికినా అవుటే. అందరూ వాడు వెళ్ళడం చూస్తారు, తాకడం చూస్తారు. రావడం ఎవరూ చూడరు. కూతకెళ్ళే కుర్రాడి విలువంతా ఆ రావడంలోనే ఉంటుంది.

ఇది నాకు మొదటి ఏడాదే తెలిసి ఉంటే బాగుండేది. రాజోలు వైపు కాలేజీలో ఒక కుర్రాడుండేవాడు. మంచి ఒడ్డూ పొడుగూ. తొడ కొడితే మైకు అక్కర్లేదు. వాడు గీత దాటాడంటే చేను చుట్టూ ఉన్న జనం లేచి నిలబడేవారు, ఆడవాళ్ళు కూడా గట్టు మీదికి వచ్చి చూసేవారు. జనంతో పాటు నేనూ లేచాను. ఇంకేం చూడాలి, తీసుకుపోయి ఉద్యోగంలో వేయించాం. విశాఖపట్నంలో మా ఆటలు ఎక్కడ జరిగేవంటే, ఆఫీసు వెనక మైదానంలో, ఎండలో. చూసేవాళ్ళు ఇద్దరు ప్యూన్లు, ఒక టీ కొట్టువాడు. అక్కడ వీడికి కాళ్ళు కదల్లేదు. చప్పట్లు లేకపోతే ఎక్కడ ఆగాలో, ఎప్పుడు తిరగాలో వాడికి తెలిసేది కాదు. మంచివాడే పాపం, తరవాత ఫైళ్ళు బాగా చూశాడు.

అప్పణ్ణించి ఒక అలవాటు చేసుకున్నాను. కుర్రాడు కూతకెళ్ళినప్పుడు వాడి ముఖం చూడను, జనాన్ని వినను. వాడి మడమలు చూస్తాను. తాకడానికి ముందే ఒక మడమ ఇంటివైపు తిరిగిందా లేదా, అంతే.

కొబ్బరి కొట్టులో తూకం

నా పైఆఫీసరు అప్పలనరసయ్య గారు. శ్రీకాకుళం వైపు మనిషి, ఒకప్పుడు గొప్ప పట్టుగాడు. ఆయన పట్టిన కాలు విడిపించుకుని వెళ్ళినవాడు లేడని చెప్పుకునేవారు. ముక్కుసూటి మనిషి. ఆయనకి మూడే నమ్మకాలు. బరువు, ఎత్తు, చేతిలో ఆగే గడియారం. కుర్రాడు ఎంతసేపు కూత నిలబెట్టాడో గడియారం నొక్కి చూసుకునేవారు. బరువు తూచడానికి పల్లెటూళ్ళలో మిషన్లు ఎక్కడివి? అమలాపురంలో కొబ్బరి కొట్టుకి తీసుకెళ్ళి, బస్తాలు తూచే కాటా మీద కుర్రాళ్ళని నిలబెట్టేవారు. కొట్టు యజమాని నవ్వుతూ, "ఎండిన కురిడీనా అండీ, పచ్చికాయా?" అని అడిగేవాడు. ఆయన నవ్వేవారు కాదు.

ఆయనతో నాకు ఎన్నోసార్లు పేచీ వచ్చింది. అయినా చెబుతున్నాను, నేను చూసిన ఆఫీసర్లలో అంత నికార్సయినవాడు ఇంకొకడు లేడు. మంత్రి గారి మనిషి ఉత్తరం తెచ్చినా, సొంత ఊరివాడు పండగకి అరిసెలు పంపినా, కాటా మీద ముల్లు ఎక్కడుంటే అక్కడే మాట్లాడేవారు. పై అధికారి అలా ఉంటే కింద పనిచేసేవాడికి ధైర్యం. తిట్టినా సరే.

మోకాళ్ళు

మీకు ఎవరూ చెప్పని కిటుకు ఒకటి చెబుతాను. కాలేజీ కుర్రాళ్ళు ఆటకి కొత్తవాళ్ళని అనుకోకండి. ఆ రోజుల్లో బాగా ఆడేవాణ్ణి ఊరూరా అరువు తెచ్చుకునేవారు. జాతరకి ఒక ఊరు, తీర్థానికి ఒక ఊరు, క్రిస్మస్ పోటీలకి ఇంకో ఊరు. డిగ్రీ పూర్తయ్యేసరికి కొందరి మోకాళ్ళు ముసలివాళ్ళవి అయిపోయేవి. అడిగితే చెప్పరు. "మోకాలెలా ఉంది బాబూ?" అంటే, "బావుందండి, ఆయ్!" అంటారు. ఉద్యోగం కావాలి కదా, చెప్పమంటే ఎలా చెబుతారు.

అందుకని నేను వాళ్ళని భోజనాల దగ్గర చూసేవాణ్ణి. పోటీలు పెట్టిన ఊళ్ళో పెద్ద ఇంట్లోనే జట్లన్నిటికీ భోజనం. నేల మీద పంక్తి. తిని లేచేటప్పుడు చూడాలి. మోకాలు బాగున్నవాడు ఎంగిలి చెయ్యి ఎత్తి పట్టుకుని, రెండు కాళ్ళ మీద తిన్నగా లేస్తాడు. బాగోలేనివాడు ఎడమ చెయ్యి నేలకి ఆనిస్తాడు. నా సర్వీసులో డాక్టరు సర్టిఫికెట్టు కన్నా ఈ పరీక్షే ఎక్కువసార్లు నిలబడింది. అయితే ఒకసారి ఇలాగే మోకాళ్ళు చూస్తూ కూర్చుని, ఎదురుగా ఆకులో జరుగుతున్నది చూడలేకపోయాను. ఇక్కణ్ణించి రాసేదంతా దాని గురించే.

రత్నరాజు

ఎనభైల మొదట్లో ఒక ఏడాది. మాకు ఒక్క పోస్టు వచ్చింది, కూతకెళ్ళేవాడు కావాలి. నేను ఇద్దర్ని అనుకున్నాను. ఒకడు మండపేట కుర్రాడు సూరిబాబు. రైసు మిల్లులో బస్తాలు మోసి పెరిగిన ఒళ్ళు. ముగ్గురు పట్టుకున్నా ముగ్గుర్నీ లాక్కుంటూ గీత మీదికి వచ్చేసేవాడు. రెండోవాడు అమలాపురం కాలేజీలో డిగ్రీ ఆఖరి ఏడాది చదువుతున్న రత్నరాజు. రాజోలు దగ్గర ఒక ఊళ్ళో, చర్చి ఉన్న పేటలో ఉండేవాడు. సన్నంగా ఉంటాడు. పెద్దగా మాట్లాడడు, తొడ కొట్టడు. లోపలికి వెళ్ళేటప్పుడు వాడిలో విశేషం ఏమీ కనిపించదు. వచ్చేటప్పుడు చూడాలి. నలుగురు మీద పడుతుంటే నలుగురి మధ్యా జాగా ఎక్కడుందో వాడికి ముందే తెలిసినట్టు ఉండేది. నేను ఆ ఏడాది వాడి ఆట చాలాసార్లు చూశాను, దొరకడం అరుదు.

వాడికి ఇది ఆఖరి అవకాశం. తండ్రి పోయాడు, ఇంట్లో తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు. పరీక్షలవగానే దోహా పంపడానికి మేనమామ ఒక ఏజెంటుతో మాట్లాడి ఉంచాడు, పాస్‌పోర్టు కూడా వచ్చేసింది. "ఉద్యోగం వస్తే ఉండిపోతానండి. రాకపోతే ఎళ్ళిపోవాలి" అన్నాడు నాతో ఒకసారి. అంతకు మించి ఏమీ అడగలేదు.

అప్పలనరసయ్య గారు ఇద్దర్నీ ఒకే ఆటలో చూస్తానన్నారు. రత్నరాజు సొంత ఊళ్ళోనే పోటీలు జరుగుతున్నాయి. అమలాపురం కాలేజీ జట్టు ఒకవైపు, మిగతా కాలేజీల కుర్రాళ్ళని కలిపి సూరిబాబుతో ఇంకోవైపు. మధ్యాహ్నం ఎండ తగ్గాక ఆట. సాయంత్రం ఆయన బస్సెక్కి వెళ్ళిపోవాలి.

భోజనం, ఆట

ఆ ఊళ్ళో పోటీలు పెట్టించేది సీతాయమ్మ గారి ఇల్లు. పెద్ద రైతుల కుటుంబం. భర్త పోయాక వ్యవహారమంతా ఆవిడే చూసుకునేవారు. మేం వెళ్ళేసరికి హాల్లో అరిటాకులు పరిచి ఉన్నాయి. కోనసీమలో మర్యాద అంటే తెలిసిందే కదా, బతికి బయటపడాలి. పులిహోర, పనసపొట్టు కూర, రొయ్యల ఇగురు, కోడి వేపుడు, గడ్డపెరుగు. బూరెకి బొటనవేలితో కన్నం పెట్టి, అందులో నెయ్యి పోసి మరీ వడ్డించారు. అప్పలనరసయ్య గారికి కొంచెం తక్కువ తినే అలవాటు. "ఏటమ్మా ఇది, నానిక్కడికి ఆట చూద్దామని వచ్చేను" అంటూనే ఉన్నారు, ఆయన ఆకులో పడుతూనే ఉన్నాయి.

కాలేజీ జట్టు మాకు ఎదురు వరసలో కూర్చుంది. నేను వాళ్ళ మోకాళ్ళు చూసే పనిలో ఉన్నాను. రత్నరాజు తిన్నగా లేచాడు, చెయ్యి ఆనించలేదు. నాకు నిశ్చింత. సూరిబాబు బస్సు ఆలస్యమై భోజనాల వేళకి రాలేదు, మజ్జిగ తాగి నేరుగా ఆటలోకి దిగాడు.

ఆట మొదలైంది. రత్నరాజు మొదటి కూతకి వెళ్ళాడు. కూత చెల్లాలంటే దాటాల్సిన అడ్డగీత దాటాడు, వెనక్కి వచ్చేశాడు. ఎవర్నీ తాకలేదు. రెండోసారి కూడా అంతే. మూడోసారికి పేట వాళ్ళు అరవడం మొదలుపెట్టారు. "ఒరే రత్నం, లోపలికెళ్ళరా!" వాడు లోపలికి వెళ్ళలేదు. కూత గొంతులోనే నలిగిపోతోంది, నాకు ఇక్కడికి తెలుస్తోంది. అప్పలనరసయ్య గారు గడియారం నొక్కి, చూసి, పెదవి విరిచారు. అటు సూరిబాబు వచ్చాడంటే ఒకణ్ణి తాకి, ఇద్దర్ని ఈడ్చుకుపోతున్నాడు. ఆట చివర్లో ఒక్కసారి మాత్రం రత్నరాజు సూరిబాబు చీలమండ దొరకబుచ్చుకున్నాడు. ఇసకలో పడి ఈడ్చుకుపోతున్నా వదల్లేదు. సూరిబాబు ఊపిరి తెగి అవుటయ్యాడు. అయినా కాలేజీ జట్టు ఓడిపోయింది.

ఆఫీసరు గారు సంచి భుజాన వేసుకున్నారు. "ఏటయ్యా మూర్తీ, దీనికేనా ఇంత దూరం తీసుకొచ్చేవు? మండపేట కుర్రాడు ఖాయం. రాసేస్తున్నాను."

"సార్, రత్నరాజు ఒక్కసారైనా దొరికేడాండి?" అన్నాను.

"దొరకలేదు. పాయింటు తేనూ లేదు."

"ఇవాళ ఊపిరి లేదని వాడికి తెలిసిందండి. ఇంకొకడైతే జనం అరుపులకి లోపలికెళ్ళిపోయి దొరికిపోయేవాడు. వీడు ఉన్న ఊపిరికి తగ్గట్టే వెళ్ళేడు."

"ఊపిరి లేనోడు ఊపిరి లేనట్టు ఆడేడు. దానికి మెచ్చుకోవాలేటి?"

 బస్సుకి ఇంకా కాస్త టైముంది, ఇప్పుడే వస్తానని చెప్పి రత్నరాజుని వెతుక్కుంటూ వెళ్ళాను.

చేతిపంపు దగ్గర

చేను అవతల, కొబ్బరితోట మొదట్లో ఒక చేతిపంపు ఉంది. వాడు అక్కడ ముఖం కడుక్కుంటున్నాడు. తిన్నదంతా కక్కుకున్నట్టున్నాడు, ముఖం పాలిపోయి ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది పొడుగునా వీడి కోసం తిరిగింది నేను, ఆఫీసరు దగ్గర మాటపడింది నేను.

"ఎంత తిన్నావురా?" అని అరిచాను. "మధ్యాహ్నం ఆట ఉందని తెలిసి, పీకల దాకా తింటారా ఎవడైనా? ఒక్క పూట ఆగలేకపోయావా?"

వాడు తువ్వాలుతో ముఖం తుడుచుకుని, నెమ్మదిగా అన్నాడు.

"తిండి కోసం కాదండి. మా నాన్న బతికున్నన్నాళ్ళూ ఆ ఇంటి చేలోనే పని చేసేడండి. ఆ ఇంట్లో అన్నం మాకు కొత్త కాదు. పెట్టేవారు. కానీ ఇంటెనకాల కొబ్బరి కొట్టాం కాడ పెట్టేవారండి. పోటీలప్పుడూ అంతే. మాతో ఆడినోళ్ళు హాల్లో తినేవారు, పేట కుర్రాళ్ళం కొట్టాంలో తినేవాళ్ళం. ఈ ఏడు అమ్మగారు, జట్టంటే జట్టే, అందరూ ఒక్క పంక్తే అన్నారంట. ఆవిడే వడ్డించేరు. చుట్టాల్లో చాలామందికి ఇష్టం లేదండి. గుమ్మంలో నిలబడి మావైపే చూస్తన్నారు."

నేను ఆ గుమ్మం గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాను. మనుషులు నిలబడి ఉన్న మాట నిజమే. వడ్డన చూస్తున్నారనుకున్నాను.

"ఆవిడ వేస్తంటే నేను వద్దంటే, చూసేరా, కూర్చోబెడితే వీళ్ళకి ఇలాగుంటాది అంటారండి. ఆకులో వదిలేసినా అంతే. ఆవిడకి మాటొస్తాది. వచ్చే ఏడు మా తమ్ముళ్ళని మళ్ళీ కొట్టాం కాడికే పంపుతారేమో అనిపించింది. అందుకని ఆవిడ ఎన్నిసార్లేస్తే అన్నిసార్లూ తిన్నానండి."

"ఆట పోతుందని తెలీదా?"

"తెలుసండి" అన్నాడు.

నా కోపం ఎటు పోయిందో పోయింది. వాడి భుజం మీద చెయ్యి వేశాను. సిగ్గనిపించింది, గర్వంగానూ అనిపించింది. అన్నిటికన్నా ఎక్కువగా, ఈ కుర్రాడు దోహా వెళ్ళిపోతే నేను ఈ ఉద్యోగం చేసి ఏం లాభం అనిపించింది.

ఆఫీసరు గారి మాట

అప్పలనరసయ్య గారు బస్సు ఆగేచోట కాలవ గట్టు మీద కూర్చుని ఉన్నారు. ఆయనా అవస్థ పడుతూనే ఉన్నారు, చొక్కా పైబొత్తాలు విప్పుకున్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన ఒక మట్టిబెడ్డ తీసి కాలవలోకి విసిరారు. నేను లోపల సంబరపడుతున్నాను, మనసు కరిగింది, ఇక ఫరవాలేదు అని.

"మూర్తీ," అన్నారు చివరికి. "ఆ కుర్రాడు చేసింది పెద్ద పని. నానైతే చెయ్యలేను. కానీ దానికి పోస్టివ్వలేనయ్యా. మంచోడని పోస్టిస్తే జట్టు మునుగుతాది. రేపు ఆడి గెలవలేకపోతే, వీడికి జాలిపడి ఇచ్చేరని ఆఫీసంతా అంటాది. ఆ మాట వాడు మొయ్యాలి, నువ్వూ నానూ కాదు."

 ఆయన చెప్పిన దాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

"అయితే ఒకటి," అన్నారు మళ్ళీ. "నాను చూడ్డానికొచ్చింది వాడి ఆట. ఇయ్యాల నాను చూసింది బూరెల ఆట. వాడిది ఇంకా చూడలేదు. పొద్దున్నే ఆడమను. ఏటీ తినకుండా రమ్మను. ఆ మండపేట కుర్రాణ్ణి కూడా ఉండమని అడుగు, బతిమాలు. బస్సు రేపు లేదేటి?"

బస్సు వచ్చి ఆగింది. ఆయన లేవలేదు, అది వెళ్ళిపోయింది.

కుర్రకారులారా, మీకు ఈ ఒక్క సంగతి చెప్పడానికే ఇంత దూరం రాశాను. జాలితో ఎవర్నీ ఎంపిక చెయ్యకండి, అది వాళ్ళకే బరువు. కానీ మీరు చూసింది ఆ మనిషి ఆటేనా, లేక ఆ రోజు వాడి మీద కూర్చున్న ఇంకేదైనానా, అది తేల్చుకోకుండా మాత్రం పేరు కొట్టెయ్యకండి. అవసరమైతే బస్సు వదులుకోండి.

పొద్దున్న

సూరిబాబుని అడగడానికి వెళ్ళాను. గెలిచినవాణ్ణి మళ్ళీ పరీక్షకి రమ్మనడం న్యాయం కాదని నాకు తెలుసు. వాడు తల గోక్కుని, "అతను నిన్న సరిగ్గా ఆడలేదండి. అలా గెలిస్తే నాకూ బాగోదు. ఉంటానండి, ఆయ్" అన్నాడు. వాడి గురించి కూడా ఒక మాట రాసి తీరాలని ఇన్నేళ్ళుగా అనుకుంటున్నాను, ఇదిగో రాశాను.

పొద్దున్నే చేలో మంచు ఇంకా విడలేదు. ఇసక తడిగా ఉంది. రాత్రి ఊళ్ళోనే ఆగిన రెండు జట్ల కుర్రాళ్ళూ దిగారు. జనం లేరు, మైకు లేదు. గట్టు మీద అప్పలనరసయ్య గారు, నేను, పాల క్యానుతో వెళ్తూ ఆగిన ఒక ముసలాయన.

రత్నరాజు కూత మొదలుపెట్టాడు. నిన్నటి గొంతు కాదది. సన్నగా, సాగుతూ, ఎక్కడా తెగకుండా వినిపిస్తోంది. ఎడమ మూలకి వెళ్ళాడు. మూల మీద ఉన్నవాడు వంగాడు. రత్నరాజు చెయ్యి చాచాడు, అప్పటికే కుడి మడమ మధ్య గీతవైపు తిరిగి ఉంది. తాకడం, తిరగడం ఒకటే కదలిక. మధ్యలో ఇద్దరు మీద పడ్డారు. వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పట్టుకునేసరికి వీడు గీత అవతల నిలబడి ఊపిరి తీసుకుంటున్నాడు. అలా వెళ్తూనే ఉన్నాడు, తెస్తూనే ఉన్నాడు. ఒక్కసారి సూరిబాబు వీడి నడుం పట్టేశాడు. రత్నరాజు దొరికిపోయాడు, లేచి, సూరిబాబు చేతికి అంటిన ఇసక తనే దులిపి పక్కకి వెళ్ళాడు. అప్పలనరసయ్య గారు గడియారం ఎప్పుడు జేబులో వేసుకున్నారో నేను చూడలేదు.

ఆట అయ్యాక ఇద్దర్నీ పిలిచారు. ముందు సూరిబాబుతో మాట్లాడారు. "నీ బలం నాకు కావాలి. ఈ ఏడు ఒక్కటే ఉంది. వచ్చే ఏడు నా దగ్గరకే రా, ఇంకెవరికీ మాటివ్వకు" అన్నారు. అన్నమాట నిలబెట్టుకున్నారు, మరుసటి ఏడు వాణ్ణీ తీసుకున్నాం. తరవాత రత్నరాజు వైపు తిరిగారు.

"నిన్న ఊపిరి లేకుండా ఎలా ఆడతావో చూసేను. ఇయ్యాల ఊపిరితో ఎలా ఆడతావో చూసేను. రెండు రకాలుగా చూసి తీసుకున్న కుర్రాడు నా సర్వీసులో నువ్వొక్కడివే. ఆ దోహా ఏజెంటుకి రానని చెప్పెయ్."

రత్నరాజు ఇసక చేతులు నిక్కరుకి తుడుచుకున్నాడు. దణ్ణం పెట్టాడు. నేను అటువైపు తిరిగి కళ్ళద్దాలు తుడుచుకున్నాను. అప్పలనరసయ్య గారు చూడనట్టే ఊరుకున్నారు.

మరుసటి ఏడు

రత్నరాజు ఆ తరవాత మా జట్టుకి చాలా ఏళ్ళు ఆడాడు, కెప్టెన్ అయ్యాడు, తమ్ముళ్ళని చదివించాడు. అవన్నీ రాస్తే మళ్ళీ ప్రమోషన్ల కథ అవుతుంది. ఒక్కటి చెప్పి ఆపేస్తాను.

మరుసటి ఏడు పోటీలకి సీతాయమ్మ గారు మా సంస్థ జట్టునే ఆహ్వానించారు. హాల్లో ఆకులు వేశారు, మళ్ళీ ఒకటే పంక్తి. ఈసారి రత్నరాజు తమ్ముడు కూడా ఊరి జట్టులో ఉన్నాడు, అన్న పక్కనే కూర్చున్నాడు. గుమ్మంలో చుట్టాలు ఉన్నారు. ఈసారి నేను మోకాళ్ళు చూడలేదు. ఆవిడ పులిహోర గిన్నెతో వరస మొదట్లోకి వచ్చారు. రత్నరాజు లేచి నిలబడి చేతులు జోడించాడు.

"అమ్మగారూ, ఏమీ అనుకోకండి. ఆటుందండి. అయ్యేక తింటాను."

గుమ్మంలో చుట్టాలు ముందుకు వంగారు.  సీతాయమ్మ గారు వాడి ముఖంలోకి చూశారు.

"ఆ ముక్క కిందటేడు చెప్పలేకపోయేవా నాయనా? పెట్టి పెట్టి నీ ఆట పాడుచేశానని తరవాత తెలిసి ఎంత బాధపడ్డానో."

"కిందటేడు చెప్పలేకపోయేనండి" అన్నాడు రత్నరాజు.

ఆవిడకి అర్థమైంది. గిన్నె కిందపెట్టి, గుమ్మం వైపు తిరిగి, "ఆకులు తియ్యండి. ఆటయ్యేకే భోజనాలు. ఇంటిల్లిపాదికీ అంతే" అన్నారు. ఆ సాయంత్రం ఆ చుట్టాలతో సహా అందరం ఆకలితో గట్టు మీద కూర్చుని ఆట చూశాం.

దీపాలు పెట్టేవేళకి మళ్ళీ పంక్తి వేశారు. ఆవిడ బూరెల పళ్ళెంతో వచ్చారు. రత్నరాజు రెండు వేయించుకుని, మూడోదానికి ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిడ పక్క ఆకు దగ్గరికి వెళ్ళిపోయారు.